బోరెయ్యబోయే ముందు కింద రాయేందో చూడండప్పా

మా దిక్కు ఒక మాట శానా మంది నోట వింటాంటా. ‘నీళ్లు పడేది, పడందీ అదృష్టమప్పా’ అంటారు. ఒకాయన చేన్లో నూటాయాభై అడుగులకే రెండించుల నీళ్లు పడతాయి. గెనిమ అవతల ఇంగొకాయన ఆర్నూరడుగులు దించినా దుమ్మే లేస్తాది. బోరు బండికి అడుక్కింతని కట్టిన దుడ్డు అప్పుగా మిగుల్తాది, ఆ అప్పు పిల్లోళ్ల ఫీజుల మీద పడతాది. ఇదంతా చూసినోళ్లకు అదృష్టమనే మాట నిజమనిపిస్తాది.

నేను డిగ్రీలో జియాలజీ చదువుకోని, మఠం దగ్గర్లోనే సేద్యం జేసుకుంటాండా. నాకు తెలిసినంతలో దీంట్లో అదృష్టం పాలు తక్కువ, రాయి పాలు ఎక్కువ. బ్రహ్మంగారిమఠం, మైదుకూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, ఇంగ పైకి పోతే పులివెందుల. ఈ సీమంతా కింద ఒక రకం రాయి మళ్లీ మళ్లీ వస్తాది. దాన్ని షేలు అంటారు. సులువుగా చెప్పుకోవాలంటే మట్టిరాయి. గోరుతో గీకితే గీత పడతాది, సుత్తితో తడితే పొరలు పొరలుగా పెంకులు మాదిరి ఊడొస్తాది, నానితే మళ్లీ బురదవుతాది. ఈ రాయి గుణం తెలిస్తే మన బోర్లు ఎందుకు ఎండుతాయో, మన నల్లరేగడి ఎందుకు పండుతాదో రెండూ ఒకేసారి తెలుస్తాయి. ఆ సంగతే ఈడ రాస్తాండా.

బురద రాయైన కత

చెరువులో కొత్తనీళ్లు వచ్చినప్పుడు ఒక చెంబు ముంచి కదలకుండా పెట్టండి. ముందు ఇసుక కిందికి దిగుతాది. దాని తర్వాత సన్నమన్ను దిగుతాది. నీళ్లలో ఇంకా ఎర్రగా, మబ్బుగా తేలేది బంకమట్టి. దాని రేణువు మిల్లీమీటరులో 250వ వంతు కంటే సన్నం. అందులో సగం సైజు రేణువు కదలని నీళ్లలో ఒక మీటరు దిగాలంటే మూడు దినాలకు పైనే పడతాది. నీళ్లు రవ్వంత కదిలినా అది దిగదు. అంటే యాడైనా మందంగా షేలు కనపడిందంటే, ఆడ ఒకప్పుడు నీళ్లు శానా కాలం నెమ్మదిగా, అలల్లేకుండా నిలిచినాయని అర్థం. అలలు కొట్టిన ఒడ్డున అయితే ఇసుక మిగిలి ఇసుకరాయి అవుతాది.

అట్లా దిగిన బురదలో సగానికి మించి నీళ్లే ఉంటాయి. దాని మీద ఇంకో పొర, ఆ పైన ఇంకో పొర. పైన బరువు పెరిగేకొద్దీ లోపలి నీళ్లు పిండుకుపోతాయి. బంకమట్టి రేణువులు గుండ్రంగా ఉండవు, చిన్న చిన్న రేకుల మాదిరి ఉంటాయి. బరువుకు ఆ రేకులన్నీ ఒకదాని మీద ఒకటి బల్లపరుపుగా పడుకుంటాయి. అందుకే షేలు అడ్డంగా కొడితే పొడవుతాది, పొర వెంబడి కొడితే రేకులు రేకులుగా లేస్తాది. ఇంట్లో చేసే పొరల చపాతీని గుర్తుచేసుకుంటే సరిపోతాది.

రంగు సంగతి కూడా అంతే. గాలి తగిలే లోతు తక్కువ నీళ్లల్లో దిగిన బురదలో ఇనుము తుప్పు పట్టి ఎర్రగా, వంకాయ రంగుగా మారతాది. గాలాడని నీళ్లల్లో దిగింది బూడిద రంగుకో, పచ్చకో, నలుపుకో తిరుగుతాది. వేంపల్లె, పులివెందుల దిక్కు వంకాయరంగు మట్టిరాయి చూసినోళ్లకు ఇది తెలుసు. కొన్ని రాతిబండల మీద చెరువు ఎండినప్పుడు పడే నెర్రెలు, నీటి అలల గుర్తులు అట్లనే అచ్చుపడి ఉంటాయి. నిన్న మొన్న ఎండిన చెరువు మాదిరి కనపడతాయి గానీ, వాటి వయసు వింటే గుండె ఝల్లుమంటాది.

ఎంత పాతదంటే

మన కింద ఉండే రాతి పొరలన్నీ కలిపి కడప బేసిన్ అంటారు. నేల ఒక పెద్ద గిన్నె మాదిరి కుంగి, ఆ గిన్నెలో సముద్రపు నీళ్లు నిలిచి, కోట్ల ఏండ్లు మట్టి, ఇసుక, సున్నం దిగి ఏర్పడిన తావు ఇది. చంద్రవంక ఆకారంలో దగ్గర దగ్గర 44,500 చదరపు కిలోమీటర్లు ఉంటాది. తూర్పు అంచు వెంబడి కొలిస్తే 440 కిలోమీటర్ల పొడవు. పైనుంచి కింది దాకా అన్ని పొరలూ లెక్కేస్తే మందం కిలోమీటర్లల్లో ఉంటాది.

ఇంగ్లీషోళ్ల కాలంలో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఈ సీమంతా తిరిగి, 1872లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా తరఫున కడప, కర్నూలు రాళ్ల మీద పెద్ద గ్రంథం అచ్చేయించినాడు. పొరలకు మన ఊర్ల పేర్లు, మన ఏర్ల పేర్లే నిలబడినాయి. గువ్వలచెరువు రాయి గుల్చేరు, వేంపల్లె రాయి వేంపల్లె, ఆ తర్వాత పులివెందుల, తాడిపత్రి, గండికోట, కంభం, అవుకు, పాణ్యం, కోవెలకుంట్ల, నంద్యాల. పాపఘ్ని, చిత్రావతి, నల్లమల అని గుంపుల పేర్లు. ప్రపంచంలో యాడ జియాలజీ చదివేటోళ్లైనా భారతదేశం రాళ్ల పాఠం వస్తే ఈ పేర్లు పలకాల్సిందే. మన బడి పుస్తకాల్లో మాత్రం ఇవి కనపడవు.

వయసు ఎట్లా తెలిసిందంటారా? మట్టిరాయికి నేరుగా వయసు కట్టడం కష్టం. యాలంటే దాంట్లో మట్టి ఇంకో పాత రాయినుంచి కొట్టుకొచ్చింది. అయితే పులివెందుల దిక్కు ఈ పొరల మధ్యకు భూమి లోపలినుంచి కరిగిన రాయి దూరి, గట్టిపడి నల్లటి పట్టీలుగా నిలిచింది. ఆ నల్లరాయిలోని ఖనిజాలకు గడియారం మాదిరి లెక్క ఉంటాది. యురేనియం ఎంత సీసంగా మారిందో కొలిచి దాని వయసు 188 కోట్ల ఏండ్లని తేల్చినారు. దూరిన రాయి వయసే అంతైతే, అది దూరకముందే ఆడ ఉన్న మట్టిరాయి ఇంకా పాతది. భూమి వయసు 454 కోట్ల ఏండ్లు. హిమాలయాలు లేవడం మొదలై అయిదు కోట్ల ఏండ్లు. రాక్షసబల్లులు పోయి ఆరున్నర కోట్ల ఏండ్లు. పులివెందుల రాయి దిగేనాటికి భూమ్మీద గడ్డిపోచ లేదు, చేప లేదు, పురుగు లేదు. నీళ్లల్లో కంటికి కనపడని జీవులు మాత్రం ఉండేవి. అవి జిగట పొరలు కట్టి సున్నాన్ని పట్టుకున్న గుర్తులు వేంపల్లె రాళ్లల్లో ఉల్లిగడ్డ అడ్డంగా కోసినట్టు గుండ్రాలుగా ఉండాయి. స్ట్రోమటోలైట్లు అంటారు వాటిని. మన జిల్లాలో కంటికి కనపడే అతి పాత ప్రాణం ఆనవాలు అవే.

కుందూ లోయలో ఉండే రాళ్లు వీటికంటే శానా చిన్నవి. వాటిని కర్నూలు గుంపు అంటారు. వాటి అడుగున బనగానపల్లె రాయి ఉంటాది, దాంట్లో వజ్రాలు దొరికినాయి. బ్రహ్మంగారు కాలజ్ఞానం రాసినాడని చెప్పుకునే రవ్వలకొండ ఆ బనగానపల్లెలోనే ఉండాది, పేరులోనే రవ్వ ఉండాది చూడండి. ఆ వజ్రాలు వజ్రకరూరు లాంటి చోట్ల భూమిని చీల్చుకోని పైకొచ్చిన రాళ్లనుంచి కొట్టుకొచ్చినాయని శానా మంది పండితుల మాట. వజ్రకరూరు రాళ్ల వయసు 110 కోట్ల ఏండ్ల దగ్గర. ఆ లెక్కన వజ్రం మోసుకొచ్చిన బనగానపల్లె పొర దానికంటే చిన్నది కావాల. పండితుల్లో ఇంకా వాదులాట ఉండాది గానీ, లెక్కేసే పద్ధతి మాత్రం ఇట్లాంటిదే.

పులివెందుల నుంచి మఠం దాకా

పులివెందుల నుంచి మఠం దిక్కు ఈశాన్యంగా పొయ్యేటప్పుడు కిటికీలోంచి చూస్తా పోతే, పాత రాయి మీదనుంచి కొత్త రాయి మీదికి పోతాంటాం. పొరలు ఈశాన్యానికి వాలి ఉండటమే దీనికి కారణం. మెట్లు దిగినట్టు ఒకదాని కింద ఒకటి దాక్కుంటా పోతాయి.

దక్షిణాన రాయచోటి, కదిరి దిక్కు గ్రానైటు. ఆ పైన గువ్వలచెరువు గట్టి ఇసుకరాయి. ఆ పైన వేంపల్లె సున్నపు రాయి, మట్టిరాయి. తుమ్మలపల్లె యురేనియం ఈ వేంపల్లె పొరలోనే ఉండాది. రాతినార తీసిన బ్రాహ్మణపల్లె గనులు కూడా నల్లరాయి ఈ సున్నపు పొరను కాల్చిన చోటే. ఆ పైన పులివెందుల ఇసుకరాయి, దాని మీద తాడిపత్రి షేలు. దాని మీద గండికోట ఇసుకరాయి. పెన్నేరు గండికొట్టింది ఈ గట్టి రాయినే. షేలు అయ్యింటే గోడలు నిలబడేవి కావు, ఎప్పుడో కూలి లోయ వెడల్పై ఉండేది. గండి నిట్టనిలువుగా ఉండటానికి కారణం ఆ ఇసుకరాయి గట్టితనమే.

గండికోట దాటితే కర్నూలు గుంపు రాళ్లు. ఎర్రగుంట్ల దిక్కు నాపరాళ్ల గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉండేది నార్జి సున్నపురాయి మీద. బెంగుళూరు, బొంబాయి వంటిండ్లల్లో కడప బండ అని పరిచేది ఈ నాపబండనే. దాని పైన సన్నగా అవుకు షేలు, పాణ్యం ఇసుకరాయి, కోవెలకుంట్ల సున్నపురాయి. అన్నిటికంటే పైన, కుందూ లోయ నడుమ, నంద్యాల షేలు. ప్రొద్దుటూరు, దువ్వూరు, మైదుకూరు మాగాణి కింద, నల్లరేగడి కింద ఎక్కువగా ఉండేది ఇదే. 50 నుంచి 100 మీటర్ల మందం అని పుస్తకాల్లో లెక్క.

మఠం దగ్గరికొచ్చే సరికి కత మారతాది. తూర్పున నల్లమల గోడ మాదిరి లేస్తాది. దాంట్లో ఉండేది మళ్లీ పాతరాయి, కంభం షేలు, బైరేనికొండ ఇసుకరాయి. కొత్తరాయి పక్కన పాతరాయి కొండై ఎట్లా నిలిచింది? నేల తూర్పునుంచి నెట్టుకోని వచ్చి, పాత పొరలు మడతలు పడి, విరిగి, కొత్త పొరల మీదికి ఎక్కినాయి. ఆ విరిగిన గీతను శాస్త్రజ్ఞులు మైదుకూరు పేరుతోనే పిలుస్తారు. చాపను ఒక పక్కనుంచి నెడితే మడతలు పడి పైకి లేస్తాది చూడండి, నల్లమల అట్లాంటి మడతే.

అట్లా నలిగిన షేలు గుణం మారతాది. మెత్తటి మట్టిరాయి గట్టిపడి పలకవుతాది. మనం ఓనమాలు దిద్దుకున్న మార్కాపురం పలకలు ఈ కంభం రాయివే. ఇదే నల్లమల గుంపు దక్షిణాన మంగంపేట దాకా పోతాది. ఆడుండే ముగ్గురాయి నిక్షేపం ప్రపంచంలోనే పెద్దవాటిల్లో ఒకటి. ఆ రాయిని పొడిజేసి దేశదేశాల్లో చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదలో బరువు కోసం కలుపుతారు. మన రాయి ఇతర దేశాల బోర్లకు పనికొస్తాంది. మన బోరు సంగతి ఇప్పుడు చూద్దాం.

నీళ్లుంటాయి, ఇయ్యదు

షేలులో నీళ్లు లేవనుకోవడం సరికాదు. రేణువుల మధ్య సందులు శానా ఉంటాయి, నీళ్లూ ఉంటాయి. అయితే ఆ సందులు ఎంత సన్నమంటే నీటిచుక్క రేణువును అంటుకోని కదలదు. తడిసిన గుడ్డలో నీళ్లుంటాయి, వంచితే కారవు. షేలు అట్లాంటిది.

భూగర్భ జలాలు లెక్కగట్టడానికి కేంద్ర ప్రభుత్వ కమిటీ 1997లో రాయి రాయికి ఒక కొలత ఇచ్చింది. నూరు పాళ్ల రాయి నీళ్లతో నిండుంటే దాంట్లోంచి కారి బయటికొచ్చేది ఎంత అని. ఇసుక కలిసిన ఒండ్రుకు 16 పాళ్లు. గుహలు పడిన సున్నపురాయికి 8. షేలుకు ఒకటిన్నర. ఇంటి లెక్కలో చెబుతా. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు రాయి తీసుకుంటే, ఏటి ఇసుక మన్ను 160 లీటర్లు ఇస్తాది, అంటే పదిబిందెల పైన. సున్నపురాయి 80 లీటర్లు, అయిదు బిందెలు. షేలు 15 లీటర్లు. ఒక్క బిందె. ఆ ఒక్క బిందె కూడా పైన పగిలి, వదులైన భాగంలోనే దొరుకుతాది. లోతుకు పొయ్యేకొద్దీ షేలు మెత్తదనం వల్ల పగుళ్లు బంకతో మూసుకపోతాయి.

మా నాయన నాలుగు బోర్లేపించినాడు. టెంకాయ నిలబడిందని ఒకటి, వేపపుల్ల తిరిగిందని ఒకటి, మిషనోళ్లు పాయింటు పెట్టినారని రెండు. నాలుగూ షేలులోనే పోయినాయి. టెంకాయ సంగతి వదిలేయండి. మిషను ఎందుకు తప్పిందో మాత్రం అందరూ తెలుసుకోవాల. ఆ మిషను నాలుగు ఇనప కడ్డీలు పాతి భూమిలోకి కరెంటు పంపి, నేల దాన్ని ఎంత అడ్డుకుంటాదో కొలుస్తాది. గ్రానైటు నేలలో అయితే అడ్డు తగ్గిన చోట నీళ్లున్న పగులు ఉంటాదని చెప్పొచ్చు. షేలులో ఆ లెక్క కుదరదు. బంకమట్టి తనకు తానే కరెంటును పోనిస్తాది. ఉప్పునీళ్లు ఇంకా బాగా పోనిస్తాయి. కాబట్టి మిషను ‘ఈడ అడ్డు తక్కువ’ అంటే అది నీళ్లు కావొచ్చు, ఉత్త బంకమట్టి కావొచ్చు, ఉప్పనీళ్లు కావొచ్చు. కింద ఏ రాయి ఉండాదో ముందుగా తెలిసినోడే ఆ అంకెను సరిగ్గా చదవగలడు. రాయి తెలియకుండా మిషను ఒక్కటే పట్టుకోని వచ్చేటోళ్లకు, టెంకాయ పట్టుకోని వచ్చేటోళ్లకు మన దిక్కు పెద్ద తేడా లేదు.

పాతకాలపోళ్లు దీన్ని పని చేసే నేర్చుకున్నారు. మఠంలో సామి తవ్వుకున్నాడని చెప్పుకునే బావి అందరూ చూసే ఉంటారు. మన ఊర్లల్లో పాత బావులన్నీ వెడల్పుగా, తక్కువ లోతుగా ఉంటాయి. పైన పగిలిన రాయి దాకా తవ్వి ఆపేటోళ్లు. షేలు ఊట నిదానం. ఆరించుల బోరులో ఆ ఊట నిలవడానికి చోటుండదు, మోటరు అయిదు నిమిషాల్లో తోడేస్తాది. వెడల్పు బావిలో అయితే రాత్రంతా చుక్క చుక్క చేరి పొద్దునకు మోకాటి లోతు నీళ్లు నిలుస్తాయి. కపిల తోలేటోళ్లకు అది చాలేది. ఈ రాతిలో బావే సరైన పద్ధతి, బోరు వేరే రాతికి పుట్టిన పద్ధతి.

అదే మట్టి, నల్లరేగడి అయితే

ఇంతసేపూ షేలును తిట్టినట్టుండాది. దాని మేలు కూడా చెప్పాల. షేలు, సున్నపురాయి ఎండకూ వానకూ పగిలి మట్టైతే వచ్చేది నల్లరేగడి. బంకమట్టి రేకులు నీళ్లు తాగితే ఉబ్బుతాయి, ఎండితే ముడుచుకుంటాయి. అందుకే ఎండాకాలం చేతులు దూరేంత నెర్రెలు విచ్చుతాయి, వానపడితే మూసుకుంటాయి. అందుకే నల్లరేగడి మీద లోతులేని పునాది వేసి కట్టిన ఇండ్లు చీలుతాయి. మేస్త్రీలు పునాదిలో గరుసు పోసేది ఈ ఉబ్బును తట్టుకోవడానికే.

బోరుకు నీళ్లియ్యని ఆ బంకగుణమే వేరుకు నీళ్లిస్తాది. లోతైన నల్లరేగడి 150 నుంచి 200 మిల్లీమీటర్ల వాన పంటకు అందేట్టు దాచుకోగలదు. జమ్మలమడుగు దిక్కు అక్టోబరు, నవంబరుల్లో శనగ విత్తి, ఆ తర్వాత వాన లేకున్నా సంక్రాంతి దాటినాక పంట కోస్తాండారంటే, ఆ దాచిన పదునే కారణం. బంకమట్టి నీళ్లను గట్టిగా పట్టుకుంటాది. వేరు సన్నగా, ఓపిగ్గా పీల్చుకుంటాది. మోటరుకు ఆ ఓపిక లేదు.

పెద్ద పనుల్లోనూ ఇదే పాఠం

రాయి తెలియక నష్టపోయేది రైతొక్కడే అనుకోవద్దు. శ్రీశైలం నీళ్లు గండికోటకు రావాలంటే అవుకు దగ్గర కొండ లోపల సొరంగం గుండా రావాల. ఆ సొరంగాల్లో పగులు పట్టీ అడ్డమొచ్చి, మట్టి జారి, పని ఏండ్ల తరబడి ఆగింది. కిలోమీటర్ల సొరంగంలో రెండొందల మీటర్లు కూడా లేని వదులు భాగం అది. రెండో సొరంగం 2023 నవంబరు 30న గానీ ప్రారంభం కాలేదు. జమ్మలమడుగు, పులివెందుల ఆయకట్టు ఎదురుచూసిన ఏండ్లల్లో ఆ వదులు రాయికి పెద్ద వాటా ఉండాది. రాతిని ముందుగా ఎంత బాగా చదివితే కాలం, దుడ్డు అంత మిగుల్తాయి.

మన మఠం పక్కనే తెలుగుగంగ బ్రహ్మంసాగర్ ఉండాది, 17 టీఎంసీలకు పైన పట్టేది. కొండరాయి, లోయరాయి కలిసే దిక్కున మట్టికట్ట అది. ఊట కారుతాందని దాన్ని నిండుగా నింపలేని ఏండ్లు మనమే చూసినాం. పొర పొరకూ మధ్య సందు దొరికితే నీళ్లు దారి చేసుకుంటాయి. చేన్లో కుంటకైనా, పెద్ద జలాశయానికైనా ఈ సూత్రం ఒకటే.

మనం చేయదగింది

బోరేయాలనుకునే వాళ్లకు నేను చెప్పేది నాలుగు మాటలు.

మొదటిది, చుట్టుపక్కల వేసిన బోర్లల్లో ఏ అడుగు దగ్గర ఏ రంగు దుమ్ము లేసిందో అడగండి. నీళ్లు పడినాయా లేదా అనే దానికంటే ఇదే ముఖ్యం. మీ బోరు వేసేటప్పుడు పదడుగులకొక పిడికెడు మట్టి తీసి వరసగా పెట్టించండి. ఆ పొడి మీద నిమ్మకాయ పిండండి. సన్నగా బుస బుస పొంగితే సున్నపురాయి. పొంగకుండా తడికి జిగటగా ముద్దైతే షేలు. పొంగకుండా గరుకుగా, గాజును గీసేట్టుంటే ఇసుకరాయి.

రెండోది, షేలు ఒకటే వస్తాంటే యాడ ఆపాలో ముందే అనుకోండి. ‘ఇంకో నూరడుగులు’ అనే మాటకే అప్పులు పెరిగేది. నంద్యాల షేలు అంచుల్లో పలచగా ఉండి, కింద కోవెలకుంట్ల సున్నపురాయి తగిలే చోట లోతుకు పోవడంలో అర్థముంటాది. లోయ నడిమధ్యలో షేలు మందంగా ఉండే చోట లోతు పెంచితే దుమ్మే పెరుగుతాది. నీళ్లు పడినా చాలా చోట్ల ఉప్పన. రెండు రాళ్లు కలిసే గీత, వంక ఒడ్డు ఒండ్రు, రాయి విరిగిన పట్టీ, ఇవి వెతకాల్సిన తావులు.

మూడోది, షేలు మీద చెక్‌డ్యాము కట్టి ‘నీళ్లు ఇంకుతాయి, బోర్లు నిండుతాయి’ అని లెక్కరాయడం దుడ్డు దండగ. ఇంకదు. ఆ చోట సేద్యపు కుంట తవ్వితే మేలు. బంకమట్టి అడుగున ఉండటంతో నీళ్లు నిలుస్తాయి. ఇంకుడు కట్టడాలు సున్నపురాయి, ఇసుకరాయి బయటపడిన చోట్ల, వంకల్లో కట్టాల. ఉపాధిహామీ పనుల్లో ఈ తేడా చూసి పని పెడితే అదే కూలీతో రెండింతల మేలు జరుగుతాది.

నాలుగోది సర్కారును అడగాల్సింది. రాష్ట్రంలో 2002 నుంచి వాల్టా చట్టం ఉండాది, బోరుకు అనుమతి కావాలంటాది. 2020లో మొదలైన ఉచిత బోర్ల పథకంలో ముందు భూగర్భ సర్వే అని రాసినారు. జియలాజికల్ సర్వే ‘భూకోశ్’ పేరుతో రాతి పటాలు ఉచితంగానే పెట్టింది. కేంద్ర భూగర్భ జల మండలి 2012 నుంచి దేశమంతా జలపొరల పటాలు గీస్తాంది. అన్నీ ఉండాయి, ఇంగ్లీషులో ఉండాయి, రైతుకు అందని చోట ఉండాయి. ఊరూరికీ సచివాలయం ఉండాది. ఆ గోడ మీద ఆ ఊరి రాతిపటం ఒకటి, తెలుగులో, రంగులేసి, ‘ఈడ షేలు, ఈడ సున్నపురాయి, ఈడ ఒండ్రు’ అని రాసి తగిలిస్తే ఎంత ఖర్చవుతాది? ఒక ఫెయిలైన బోరు ఖర్చులో పదో వంతు కూడా కాదు. మండలానికొక జియాలజిస్టు వారానికొక దినం కూకోని అడిగినోళ్లకు చెబితే, టెంకాయ పట్టుకునేటోళ్ల దగ్గరికి ఎవురూ పోరు.

150 ఏండ్ల కిందట ఒక ఇంగ్లీషాయన మన కొండలెక్కి, వంకలు దిగి మన రాళ్లకు మన ఊర్ల పేర్లే పెట్టి పోయినాడు. ఆ పటం మన సచివాలయం గోడ దాకా ఇంకా రాలేదు. వచ్చే గ్రామసభలో కరెంటు, రోడ్డు, పింఛను అడిగినట్టే దీన్ని కూడా అడుగుదాం. అర్జీలో ఒక్క లైను రాస్తే చాలు: మా ఊరి కింద ఏ రాయి ఉండాదో మాకు తెలుగులో చెప్పండి.